కాకికి దాయాది

మొన్న ఉదయం కాఫీ కలుపుకుని భవానీపురంలో మా వీధివైపు కిటికీ దగ్గర కూర్చున్నానో లేదో, మంగళగిరి నుంచి మా చెల్లెలు, అంటే మా బాబాయి కూతురు, ఫోనులో ఒక ఫొటో పంపింది. వాళ్ల అపార్ట్‌మెంట్ పిట్టగోడ మీద ఒక పక్షి వాలి ఉంది. తలా మెడా మసి పూసినట్టు నలుపు, ఒళ్లంతా బాగా కాలిన ఇటుక రంగు, రెక్క మీద సున్నపు పట్టీ వేసినట్టు తెల్లటి చార, ఒంటికంటే పొడుగ్గా వెనక్కి సాగి నల్లటి అంచుతో ఆగిపోయిన బూడిదరంగు తోక. ఫొటో కింద ఒక్క వాక్యం: "అక్కా, అప్పటిది ఇదేనా?"

కప్పు కింద పెట్టేశాను, లేకపోతే ఒలికేది. ముప్పై ఏళ్లుగా వేదికలెక్కి దయ్యాల్నీ శకునాల్నీ ఎండగట్టినదాన్ని, ఒక పిట్ట బొమ్మ చూసి భయపడి కూర్చున్నాను. ఇందులో నాకు సిగ్గేమీ లేదు. భయపడటం తప్పని నేనెప్పుడూ రాయలేదు. భయపడ్డవాళ్లచేత ఇల్లు ఖాళీ చేయించడం తప్పని రాశాను, బతికున్నంతకాలం రాస్తాను. ఆ మాట నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు, ఈ పిట్టే నేర్పింది.

మా బాబాయి మంగళగిరిలో బడిపంతులు. మా నాన్నకి ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల కొట్టుండేది, ఆయన లోకమంతా బోల్టులూ బేరింగులూ. బాబాయి లోకం వేరు. ఆదివారమైతే చాలు, ఏదో ఒక ఊళ్లో సభ పెట్టి, నోట్లో కర్పూరం వెలిగించుకునీ, కొబ్బరికాయలోంచి ఎర్రనీళ్లు తెప్పించీ, అవన్నీ ఎలా జరుగుతాయో విప్పి చెప్పేవాడు. నన్ను వెంట తీసుకెళ్లేవాడు. వాదించడం నేర్పింది ఆయనే. నేనొక మాట గట్టిగా వాదించి గెలిచానని మురిసిపోతుంటే, ఇప్పుడు అటువైపు నిలబడి ఇదే మాటని ఓడించవే అనేవాడు. అంతటి మనిషికి బల్లంటే చచ్చేంత భయం. గోడ మీద బల్లి కనిపిస్తే గుమ్మం దిగి వీధిలో నిలబడి, దాన్ని తోలేదాకా లోపలికి వచ్చేవాడు కాదు. బల్లి మీద పడితే ఏదో జరుగుతుందని కాదు, ఊరికే చర్మం మీద భయం. నేను నవ్వితే తనూ నవ్వేవాడు.

కులం కాని పిల్లని, మంగళగిరిలో నేతపనివాళ్ల అమ్మాయిని చేసుకున్నాడు. మా వాళ్లు కొన్నేళ్లు గడప తొక్కలేదు. మా పిన్నికి పుట్టింటివాళ్లిచ్చిన చిన్న పెంకుటింట్లోనే ఇద్దరూ కాపురం పెట్టారు. ముందు గదిలో నేలలో గుంట తవ్వి బిగించిన మగ్గం ఉండేది. ఆ మగ్గం చూడనివాళ్లకి ఒక మాట చెప్పాలి. అది మంచంలాగా పట్టుకుపోయే వస్తువు కాదు, ఆ గదిలో పుట్టి ఆ గదిలోనే ఉంటుంది. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని పిన్ని నేస్తుంటే దారం మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తే చప్పుడు వీధి మలుపు దాకా వినిపించేది. నేను బస్సు దిగి నడిచొస్తూ ఆ చప్పుడు విని, పిన్ని ఇంట్లోనే ఉందని తెలుసుకునేదాన్ని.

తొంభైల మొదట్లో, నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన ఏడు, వానాకాలంలో బాబాయి పచ్చకామెర్లతో పోయాడు. ఆస్పత్రికి నడిచి వెళ్లిన మనిషి నడిచి తిరిగి రాలేదు. చెల్లెలు అప్పటికి ఇంకా పలక మీద అక్షరాలు దిద్దుతోంది.

తనకి కర్మలేవీ చెయ్యొద్దని బాబాయి అందరితో చెప్పేవాడు. కానీ చెప్పినవాడు లేడు, వినాల్సినవాళ్లు ఏడుస్తున్నారు. మా నాన్నమ్మ పిన్ని చెయ్యి పట్టుకుని, "వాడికి ఆకలేస్తుందేమోనమ్మా" అంది. అంతే. ఆ ఒక్క మాట ముందు మా వాదాలన్నీ నోళ్లు మూసుకున్నాయి. పిన్ని సరే అంది. నేను అరిచి గోల చేసి, ఎవరూ పట్టించుకోక, చివరికి చేతులు కట్టుకుని పెరట్లో ఒక మూల నిలబడ్డాను.

ఏటి ఒడ్డున జరగాల్సిన పదోరోజు తంతు, ఆ ఏడు కృష్ణ పొంగి రేవు మునిగిపోవడంతో పెరట్లోనే జరిగింది. నువ్వులు కలిపిన అన్నం ముద్దని విస్తరాకులో పెట్టి వెనక ప్రహరీ గోడ మీద ఉంచారు. కాకి ముట్టాలి. నా ఈడు వాళ్లెవరికీ ఈ నిరీక్షణ గురించి చెప్పనక్కర్లేదు. వేపచెట్టు మీద కాకులున్నాయి, అరుస్తున్నాయి, కిందికి మాత్రం దిగవు. ఇంతమంది ఊపిరి బిగబట్టి గుడ్లప్పగించి చూస్తుంటే ఏ కాకి మాత్రం దిగుతుంది? ఎండ ఎక్కుతోంది. పోయినవాడి మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని ఒక్కొక్కరే ముందుకొచ్చి గోడకి మాటివ్వడం మొదలుపెట్టారు. నీ కూతుర్ని చదివిస్తాంరా అన్నాడు నాన్న. నీ పెళ్లాన్ని కాదనంరా, మా పిల్లేరా అంది మా మేనత్త, బాబాయి బతికుండగా ఒక్కనాడూ అనని మాట. పిన్ని ఒక్కతే గోడవంక చూస్తూ నిలబడింది.

అప్పుడు మునగచెట్టు మీంచి అది జారినట్టు దిగింది. తోక వెనకాల గాలిపటం తోకలా వచ్చింది. గోడ మీద రెండు గెంతులు గెంతి, తల పక్కకి వంచి మమ్మల్నందర్నీ చూసి, నింపాదిగా ముద్దలోంచి ముక్కునిండా కరుచుకుని ఎగిరిపోయింది. మేం తేరుకునేలోగా మళ్లీ వచ్చింది, మళ్లీ కరుచుకుపోయింది. కాకులు ఊరికే చూశాయి.

"ముట్టింది కాకి కాదు," అంది మేనత్త.

"పక్షి ముట్టిందమ్మా, చాలు, కానివ్వండి," అన్నాడు పురోహితుడు. ఆయన ఇంకో ఊరు వెళ్లాలి.

"అదీ కాకి జాతే. కాకికి దాయాది. వాటా తినేసింది," అన్నాను నేను. వెటకారానికే అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకు ఆ పిట్ట పేరు కూడా అప్పటికి తెలీదు. గోకురాయి అంటారని చాలా ఏళ్ల తర్వాత ఎవరో చెప్పారు. కాకి కుటుంబంలోదేనని చదివి, నోటికొచ్చినట్టు అన్నమాట నిజమైనందుకు ఆశ్చర్యపోయాను.

అది అక్కడితో వదిలేసి ఉంటే ఈ జ్ఞాపకం ఉండేది కాదు. వదల్లేదు. మర్నాటినుంచి తెల్లవారగానే ఇంటి కప్పు మీద దాని గొంతు. ఆ గొంతు విన్నవాళ్లకి తెలుసు, దానికి రెండు గొంతులుంటాయి. ఒకటి రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు గరగరలాడుతుంది. రెండోది తీయగా, వీధిలోంచి ఎవరో మనిషిని పిలిచినట్టుంటుంది. ఆ రెండోదే భయంకరం. పిన్ని రెండుసార్లు వెళ్లి వీధి తలుపు తీసింది. తీసి, ఖాళీ వీధిని చూసి, వేసేసింది. నాన్నమ్మ దుప్పటి తలమీదికి లాక్కునేది. నేను సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. అది పిట్టేనని అందరికీ గట్టిగా చెప్పేదాన్ని, అంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నాకే తెలిసేది కాదు.

తర్వాత చొక్కా సంగతి. ఆస్పత్రికి వెళ్లేముందు బాబాయి విప్పి తగిలించిన చొక్కా ముందుగదిలో, మగ్గం పక్కన, చూరు కింద చిలక్కొయ్యకి అలాగే వేలాడుతోంది. ఎవరికీ దాన్ని తియ్యడానికి చేతులు రాలేదు. ఒక రోజు పిన్ని మనసు రాయి చేసుకుని ఉతకడానికి తీసింది. అలవాటుకొద్దీ జేబులో చెయ్యి పెట్టింది. చెయ్యి బయటికి తీసి మా ముందు చాపింది. ఎండి గట్టిపడ్డ అన్నం మెతుకులు. వాటికి అంటుకుని నల్లనువ్వులు.

నా కళ్లముందు ఆ అరచెయ్యి ఇప్పటికీ ఉంది. ఆ ఇంట్లో నువ్వులు కలిపిన అన్నం ఒక్కరోజే వండారు, ఆ పదోరోజున, దాన్ని గోడ మీద పెట్టారు.

"తిరిగొచ్చింది," అంది మేనత్త నెమ్మదిగా. "పెట్టింది పుచ్చుకోలేదు. వాడు ఇల్లు కదల్లేదమ్మా."

 ఎవరో కావాలని పెట్టారందామా? ఎవరు పెడతారు? నాన్నమ్మా? పిన్నా? పసిపిల్లా? గోడ మీద పెట్టాక ముద్దని మాలో ఎవరూ ముట్టలేదని అందరికంటే బాగా నాకే తెలుసు, దూరంగా నిలబడి కాపలా కాసింది నేనేగా. బాబాయి సభల్లో నేను చూసిన ప్రతి అద్భుతం వెనకా ఒక చెయ్యి ఉండేది. దీని వెనక చెయ్యి లేదు. 

మేనత్త వెళ్లి ఎవరో సిద్ధాంతిని అడిగొచ్చింది. బాబాయి పోయిన నక్షత్రం మంచిది కాదట, ఇంటికి తాళం పెట్టి ఆరు నెలలు వదిలెయ్యాలట, లేకపోతే అదే గడపలోంచి ఇంకొకరు వెళతారట. ఇంకొకరు అన్నప్పుడు అందరి కళ్లూ చెల్లెలి మీదికి వెళ్లాయి. ఆ పిల్ల అరుగు మీద కూర్చుని పలక తుడుచుకుంటోంది. మన ఆంధ్రదేశంలో ఇలా నక్షత్రాలు తాళం వేయించిన ఇళ్లెన్నో లెక్క తీసినవాడు లేడు. గాలికీ వెలుతురుకీ తాళం వేసి, చెదలకి మాత్రం తలుపు తెరిచిపెట్టే శాస్త్రం ఇది. కానీ ఆ రోజు నేను ఇలా మాట్లాడలేదు. ఆ రోజు నేనూ చెల్లెలివంకే చూశాను.

నాన్న చెడ్డవాడు కాదు. "ఆదివారం లారీ తెస్తానమ్మా," అన్నాడు పిన్నితో. "భవానీపురంలో మనింటి వెనక గది ఖాళీగానే ఉంది. నువ్వూ పిల్లా అక్కడుందురుగాని."

"మగ్గం రాదు బావగారూ," అంది పిన్ని.

"ఇప్పుడు మగ్గం సంగతేమిటమ్మా?"

 పడుగు మీద సగం నేసిన చీర ఉంది. ఆరు నెలలు వానకీ చెమ్మకీ వదిలేస్తే గుంటలో నీరూరుతుంది, కర్ర పుచ్చుతుంది, పని ఇచ్చే షావుకారు పడుగు వెనక్కి తీసుకుంటాడు. అలా తాళం పడ్డ ఇంట్లోకి మళ్లీ దీపం పెట్టుకుని వెళ్లినవాళ్లని ఆ వీధిలో ఎవరూ చూడలేదు. వెనక గది అంటే జన్మంతా వెనక గదే. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి చేతిలో మిగిలింది ఆ నాడె ఒక్కటే. అదీ పోతోందని నాకు అర్థమైంది. దాన్ని ఆపడానికి నా దగ్గర ఏముంది? భయం తప్ప.

శనివారం మధ్యాహ్నం అందరూ సామాను సర్దుతూ పెరట్లో ఉన్నారు. నేను ముందుగదిలో ఒక్కదాన్నే, మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసి కూర్చున్నాను. బాబాయి నేర్పిన ఆటే ఆడాను. సరే, దయ్యమే అనుకో, ఇప్పుడు అటువైపు నిలబడి వాదించు అనుకున్నాను. అటువైపు నిలబడేసరికి ఇటువైపుకి తిరిగొచ్చే దారి కనిపించలేదు. ఎండ పెంకుల సందుల్లోంచి చుక్కలుచుక్కలుగా పడుతోంది. అప్పుడు నా తలమీద, గదిలోపల, గరగరమంది.

లేవలేకపోయాను. మెడ తిప్పడానికి కూడా ధైర్యం చాల్లేదు. గోడకీ వాసాలకీ మధ్య చూరు దగ్గర ఉన్న జానెడు సందులోంచి ముందు ఒక నల్లటి తల, తర్వాత ఇటుకరంగు ఒళ్లు, ఆ తర్వాత ఎంతకీ తరగని తోక లోపలికి వచ్చాయి. చిలక్కొయ్య మీద వాలింది. చొక్కా లేదు. చొక్కా ఉండాల్సిన చోటు కాసేపు వెతుక్కుంది. నోట్లో ఏదో వేలాడుతోంది. అక్కణ్ణించి మగ్గం మీదికి, నా మొహానికి బారెడు దూరంలోకి గెంతి, కదలకుండా ఉన్న నన్ను కొయ్య అనుకుందో ఏమో, పైన కట్టిన వెదురు బొంగు బోలులో నోట్లోది కుక్కింది. ముక్కుతో రెండుసార్లు లోపలికి పొడిచింది. అక్కడే పడున్న ఒక ఎండుటాకు తీసి మూత పెట్టింది. పని ముగిసిందన్నట్టు ముక్కు కర్రకేసి రాసుకుని వచ్చిన దారినే పోయింది.

ఆ బొంగు విప్పి నేల మీద దులిపాను. నాలుగు మెతుకులు, నువ్వులతో సహా. వేపపళ్లు. ఏదో గుడ్డు పెంకు. ఒక బల్లి తల. అప్పుడే తెచ్చిన బల్లి తోక.

అరుస్తూ అందర్నీ పిలిచాను. దొరికిన తిండిని దొరికిన సందులో దాచుకుని ఆకలైనప్పుడు వచ్చి తినే పిట్ట ఇది, జేబు కూడా దానికొక సందే, అంతకుమించి ఏమీ లేదు అని చెప్పాను. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ వాదించలేదు.

మేనత్త అంతా విని, "వాడే పిట్టై వచ్చాడేమో, నీకేం తెలుసే?" అంది. ఎగతాళికి కాదు.  "తన చొక్కా దగ్గరికే ఎందుకు వచ్చింది? ఊళ్లో చొక్కాలు లేవా?"

దీనికి జవాబు లేదు. ఇప్పటికీ లేదు. నమ్మకానికి ఉన్న సుఖం అదే, ఏ రుజువు తెచ్చినా దాన్ని తన గూట్లోకే లాక్కుంటుంది. నాన్న నా వైపు చూడకుండా తాడు చుట్టుకుంటున్నాడు.

నాన్నమ్మ నేల మీద చతికిలబడి, కళ్లజోడు సర్దుకుని, ఒక్కొక్కటే వేలితో కదిపి చూసింది.

"ఇదేమిటే?"

"బల్లి తల, నాన్నమ్మా."

"ఇదీ?"

"దాని తోక."

 తర్వాత తలెత్తి కూతురితో అంది: "బల్లంటే వీధిలోకి పరిగెత్తేవాడే వాడు. పెళ్లైన మర్నాడు ఈ పిల్ల చీపురు పట్టుకుని తోలితేగాని లోపలికి రాలేదట. అలాంటివాడు చచ్చి, బల్లిని నోట కరుచుకొచ్చి దాచుకుంటాడా? చచ్చినా వాడు వాడే కదా."

 నా దగ్గర లేని ఆ ఒక్క జవాబు ఒక తల్లి దగ్గర ఉంది. పిన్ని మొహాన కొంగు కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాను, భుజాలు చూస్తే నవ్వుతోంది. నవ్వుతూనే ఏడుస్తోంది.

"లారీ వద్దు నాయనా," అంది నాన్నమ్మ. "నేనూ ఇక్కడే ఉంటాను. వచ్చేదేమైనా ఉంటే ముందు నా దగ్గరికే వస్తుంది." నాన్న తాడు కింద పడేశాడు.

ఆ సాయంత్రం పిన్ని గుంటలోకి దిగింది. మొదట నాడె రెండుసార్లు తడబడింది, తర్వాత దారిలో పడింది. మర్నాడు నేను విజయవాడ బస్సెక్కాను. బారేజీ మీద, కిందుగా ఎర్రటి వరదనీళ్లు చూస్తుంటే, అప్పుడు వచ్చింది అసలు భయం. అన్నాళ్లూ వణికింది బాబాయి ఇంట్లో ఉన్నాడేమోనని. ఉండటం భయమే గాని, ఉన్నట్టే కదా. నేను గెలిచాను. చిలక్కొయ్య దగ్గర ఒక పిట్ట మాత్రమే మిగిలింది, ఇంకెవరూ లేరు. పక్క సీట్లో ఆవిడ ఏమైందమ్మా అని అడిగేదాకా నేను పైకే ఏడుస్తున్నానని తెలీలేదు. చావు ఇంట్లో ఎవరినీ వెటకారంగా ఓడించకూడదని నిశ్చయించుకున్నది ఆ బస్సులోనే. నా మాటల్లో నిప్పు తగ్గలేదు, ఎవరి మీద చల్లాలో తెలిసింది.

పిన్ని ఆ ఇంట్లోనే నేసి చెల్లెల్ని చదివించింది. రోజూ గోడ మీద గుప్పెడన్నం పెట్టేది, కాకికో దాని దాయాదికో. అది కూడా ఇంటి మనిషిలా చూరులోంచి వచ్చిపోయేది. నేను వెళ్లినప్పుడు గరగరమని వినిపిస్తే ప్రతిసారీ గుండె ఒకసారి ఆగి కొట్టుకునేది. రెండువేల సంవత్సరం దాటాక ఒకసారి కప్పు నేయించడానికి పెంకులు దింపితే, సందుసందునా ఎండిన వేపగింజలు, జామ ముక్కలు, మెతుకులు రాలాయి. తర్వాత మోకాళ్లు సహకరించక పిన్ని మగ్గం ఆపేసింది. వీధిలో ఒక్కొక్క మగ్గమే ఆగింది. పెంకుటిళ్లు పోయి డాబాలు, డాబాలు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. పిన్ని ఇంటి స్థలంలోనూ ఒకటి లేచింది. అందులోనే మూడో అంతస్తులో కూతురి దగ్గర ఉంటోంది.

భయాలు పోయాయా అంటే, లేదు. ఇప్పుడవి ఫోనుల్లో వస్తున్నాయి, పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందని చదువుకున్నవాళ్లే పంపుతున్నారు. అప్పటి భయానికి ఒక ఒళ్లుండేది, తోకుండేది, ఎదురుగా కూర్చుని చూస్తే ఏమిటో తెలిసేది.

చెల్లెలికి ఇదేనని జవాబు రాశాను. వెంటనే ఇంకో ముక్క వచ్చింది: "అమ్మ దానికి అన్నం పెట్టమంటోంది అక్కా. పెట్టనా?"

పెట్టు అని రాశాను. రాసి, ఫొటో పెద్దది చేసి చూశాను. నున్నటి గోడలు, అద్దాల కిటికీలు, బాల్కనీకి పావురాల వల. చూరు లేదు, వాసం లేదు, వెదురు బొంగు లేదు, కొయ్యకి వేలాడే చొక్కా లేదు. అది ముక్కునిండా మెతుకులు కరుచుకుని ఆ ఇల్లంతా తిరిగినా, దాచుకోవడానికి ఒక్క సందు దొరుకుతుందా అని చూస్తూ కూర్చున్నాను. కాఫీ చల్లారిపోయింది.